మాతృభాష గడిలో మన మాట

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



నిత్యజీవితంలో కేంద్రప్రభుత్వ చట్టాలను గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను ఆదేశించారు. ఢిల్లీ మనకు దూరం. అక్కడి చట్టాలకూ మన ఇంటి గడపకూ సంబంధమేమున్నదని అనిపించడం సహజం. కాని ఆలోచించి చూడండి. తపాలా కచేరి కేంద్రానిది, రైలు కేంద్రానిది, జనాభా లెక్కలు కేంద్రానివి. బ్యాంకులో మనం నింపే పత్రం మూడు భాషలలో ఉంటుంది: హిందీ, ఇంగ్లీషు, ఆ ప్రాంతపు భాష. ఈ మూడవదానిలోనే మన చిక్కు ఉన్నది. హోసూరులో ఆ ప్రాంతపు భాష అంటే తమిళం, బళ్ళారిలో కన్నడం, పర్లాకిమిడిలో ఒడియా, షోలాపురంలో మరాఠీ. మన ఇంటి భాష ఆ లెక్కలోకి రాదు. రావాలంటే ఇక్కడ తెలుగువారున్నారని ఏదో ఒక కాగితం సాక్ష్యం చెప్పాలి. ఆ కాగితంలో ఒక చిన్న గడి ఉన్నది. దాని పేరు 'మాతృభాష'. నేటి నా ప్రసంగమంతా ఆ ఒక్క గడిని గురించే.

14 మంది పిల్లలు, ముగ్గురు తెలుగువారు

నేను పుట్టిన ఊరు బళ్ళారి వైపు ఒక సరిహద్దు గ్రామం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. నేను నల్లకోటు వేసుకొన్న తొలి సంవత్సరాలలో ఒక ఊరి తల్లిదండ్రులు నా వద్దకు వచ్చారు. మా పిల్లలకు కన్నడంతో పాటు తెలుగు కూడ నేర్పే ఉపాధ్యాయుని అడగాలన్నారు. ఒకే తరగతిలో 14 మంది తెలుగు పిల్లలున్నారు. తరగతిలో పదిమంది ఉంటే చాలునని కేంద్రరాష్ట్రాలు ఒప్పుకొన్న నియమం ఉన్నది. నేను ఎంతో ధీమాతో అర్జీ వ్రాసి, వారిని వెంటబెట్టుకొని విద్యాశాఖ కార్యాలయానికి వెళ్ళాను.

అక్కడి అధికారి మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు, అర్జీ చదివాడు. తరువాత బడి ప్రవేశాల పుస్తకం తెప్పించి మా ముందు తెరిచాడు. 14 మందిలో ముగ్గురికి మాత్రమే మాతృభాష గడిలో తెలుగు అని ఉన్నది. మిగిలిన పదకొండుమందికి కన్నడం. "లాయరుగారూ, మీ పుస్తకం ప్రకారమే వీరు కన్నడ పిల్లలు. వీరికి తెలుగు పంతులు దేనికి?" అన్నాడు. నా వద్ద జవాబు లేదు. నా వెనుక నిలుచున్న తండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. వారిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. గుమాస్తా పేరు అడిగాడు, వయస్సు అడిగాడు, కులం అడిగాడు. భాష అడగలేదు. అందరికీ ఒకే మాట కింద వరకూ వ్రాసుకొంటూ పోయాడు. వీరు వేలిముద్ర వేశారు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి పెట్టె తెరిచి నా టీసీ తీసి చూసుకొన్నాను. అందులోనూ మాతృభాష కన్నడమనే ఉన్నది. చట్టం చదివినవాడను, భాషాహక్కుల కోసం వాదించేవాడను, ఇరవై ఏండ్లకు పైగా ఆ కాగితాన్ని ఎన్నో చోట్ల చూపినవాడను, ఒక్కసారైనా ఆ గడిని చదవలేదు.

ఆ తరగతికి తెలుగు పంతులు రాలేదు. ఆ పిల్లలు ఈనాడు పెద్దవారైనారు. వారిలో ఒకడు రెండేండ్ల క్రితం నా కార్యాలయానికి ఒక పాత క్రయపత్రం తెచ్చాడు. బళ్ళారి ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, అంటే 1953కు ముందు, వాళ్ళ తాత కొన్న భూమి పత్రం. తెలుగులో వ్రాసి ఉన్నది. "అన్నా, ఇందులో ఏముందో చదివి చెప్పు" అన్నాడు. తాత వ్రాయించిన మాట మనుమడికి నేను చదివి వినిపించవలసి వచ్చింది. ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడే మనిషి అతడు.

మాతృభాషను నిర్ణయించేదెవరు?

ఆ గడిలో ఏమి వ్రాయాలో చెప్పే అధికారం గుమాస్తాదా, ప్రభుత్వానిదా, మనదా? దీనికి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2014 మే నెలలో జవాబు చెప్పింది. కర్ణాటక ప్రభుత్వం ప్రాథమిక విద్యను మాతృభాషలోనే జరపాలని విధించగా, ఆంగ్ల మాధ్యమ పాఠశాలల యాజమాన్యాలు వేసిన వ్యాజ్యమది. మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దరాదని కోర్టు తీర్పు చెప్పింది. ఆ భాగాన్ని గురించి మన ఉద్యమంలోనే భిన్నాభిప్రాయాలు ఉన్నవి. అయితే అదే తీర్పులో మరొక మాట ఉన్నది. బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించవలసినది తల్లిదండ్రులు లేదా సంరక్షకులేనని ధర్మాసనం స్పష్టం చేసింది. ఈ మాటను మనం పట్టుకోవాలి.

జనాభా లెక్కల శాఖ ఇచ్చే నిర్వచనం కూడ చూడండి. చిన్నతనంలో మనిషితో తల్లి మాట్లాడిన భాషే మాతృభాష. తల్లి పసితనంలోనే గతిస్తే, ఆ బాల్యంలో ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. నీవు ఈనాడు ఏ భాషలో వ్యాపారం చేస్తున్నావు, ఏ భాషలో చదువుకొన్నావు, ఏ లిపి వ్రాయగలవు అన్నది అక్కడ ప్రశ్నే కాదు. తెలుగు అక్షరం ఒక్కటి రాని మనిషికి కూడ, అమ్మ తెలుగులో జోకొట్టి ఉంటే, మాతృభాష తెలుగే.

కొందరు నన్ను అడుగుతారు: "మేము తరతరాలుగా ఇక్కడివాళ్ళం, ఈ రాష్ట్రం మాది. తెలుగు అని వ్రాయిస్తే బయటివాళ్ళమంటారేమో." అనరు, అనకూడదు. సరిహద్దు గీతలు మన తాతల తరువాత పుట్టినవి. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడివారు ఎక్కడికీ కదలలేదు, గీత కదిలింది. 1953లో బళ్ళారి కదలలేదు. 1960లో తిరుత్తణి కదలలేదు. కాబట్టి ఈ నేలకు మనం ఎంత సొంతవారమో ఈ భాష కూడ అంతే సొంతం.

లెక్క రాష్ట్రానిది కాదు, తాలూకాది

ఇప్పుడు అంకెల విషయానికి వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 8 కోట్ల 11 లక్షల మంది. తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకలో సుమారు 35 లక్షలు, మహారాష్ట్రలో 13 లక్షలు, ఒడిశాలో ఆరున్నర లక్షలకు పైగా. తమిళనాట, కన్నడనాట మనం నూటికి ఆరుగురికంటె కొంచెం తక్కువ. ఈ అంకె చూసి చాలామంది నిరాశపడతారు. నూటికి ఆరుగురి మాట ఎవరు వింటారని అనుకొంటారు.

ఆ నిరాశకు కారణం లేదు. ఎందుకంటే, రాజ్యాంగం దృష్టిలో భాషా అల్పసంఖ్యాక వర్గమా కాదా అన్నది రాష్ట్రాన్ని బట్టి నిర్ణయమవుతుంది. 2002లో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం టి.ఎమ్.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో ఈ సంగతి తేల్చింది. కాని ఆ వర్గానికి దక్కే సౌకర్యాలను నిర్ణయించేది జిల్లా, తాలూకా, పురపాలక సంఘం. 1956లో కేంద్రం పార్లమెంటు ముందుంచిన పత్రం, 1961లో ముఖ్యమంత్రుల సమావేశం అంగీకరించిన నియమాలు ఈ విధంగా ఉన్నవి: ఒక ప్రాంతంలో భాషా అల్పసంఖ్యాకులు నూటికి 15 నుంచి 20 మంది ఉంటే, ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు, నియమాలు వారి భాషలో కూడ వెలువరించాలి. జిల్లాలో నూటికి 60 మంది ఉంటే, ఆ జిల్లాలో ఆ భాషను అదనపు అధికార భాషగా గుర్తించవచ్చు.

ఒక ఉదాహరణ చెబుతాను. రెండు లక్షల జనాభా ఉన్న తాలూకా అనుకోండి. నూటికి 15 అంటే 30 వేల మంది. అక్కడ తెలుగువారు 30 వేలు దాటి ఉన్నారు, కాని లెక్కల పుస్తకంలో 26 వేలే పడ్డారు. లోటు 4 వేలు. ఇంటికి నలుగురైదుగురు చొప్పున వెయ్యి ఇళ్ళకు మించదు. ఆ ఇళ్ళలో గణకుడు వచ్చినప్పుడు ఎవరూ నోరు విప్పలేదు. అందువల్ల మిగిలిన 26 వేల మందికి కూడ పురపాలక సంఘం ప్రకటన తెలుగులో రాదు. మీ ఇంటి మౌనం మీ ఇంటితోనే ఆగదని చెప్పడానికే ఈ లెక్క.

2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. 2027 మార్చి 1ని ప్రమాణంగా తీసుకొని తదుపరి జనగణన జరుపుతామని కేంద్రం 2025 జూన్ 16న ప్రకటించింది. కుటుంబాలు తమ వివరాలను తామే నమోదు చేసుకొనే ఏర్పాటు కూడ ఉంటుందని తెలిపింది. అందుచేత మీరు గుర్తుంచుకోవలసిన సంగతులు చెబుతాను. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం, అడిగిన ప్రశ్నకు మనకు తెలిసినంతవరకు నిజం చెప్పడం మన విధి. తెలిసి తప్పు వ్రాయడం గణకునికి శిక్షార్హం. మనం చెప్పిన వివరాలు రహస్యం; మనమీద సాక్ష్యంగా వాడుకొనే వీలు లేదు. రేషను పోతుందన్న భయం, కులపత్రం ఆగుతుందన్న భయం అక్కరలేదు.

2011లో 'మాతృభాష' అని ఒక ప్రశ్న, 'తెలిసిన ఇతర భాషలు' అని మరొక ప్రశ్న ఉండేవి. కన్నడమో, తమిళమో, ఒడియానో బాగా వచ్చినవారు దానిని రెండవ ప్రశ్నకు జవాబుగా గర్వంగా చెప్పవచ్చు. మొదటి గడిని దానికోసం ఖాళీ చేయనక్కరలేదు. వడ్డెర సోదరులు తమ భాషను వడ్డెర భాష అని చెప్పినా, లెక్కల శాఖ 'వడరి'ని తెలుగు కిందనే కూడుతూ వచ్చింది. మరొక మాట కూడ చెప్పాలి. ఏ ఇంట్లోనైనా తల్లి నిజంగా కన్నడమే మాట్లాడి ఉంటే కన్నడమే వ్రాయించండి. మనం అడిగేది నిజమైన లెక్క. దొంగ లెక్కతో నిలబడే భాష మనకు వద్దు.

బడి తలుపు తెరవకముందే

ఏడవ సవరణ ద్వారా 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం ప్రకారం, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడ సాధ్యమైనంతవరకు బిడ్డ మాతృభాషలోనే బోధన ఉండాలన్నది.

దీనికి కొలబద్ద ఏది? 1949లో విద్యామంత్రుల సమావేశం నిర్ణయించినది: బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో పదిమంది పిల్లలుంటే ఆ భాష ఉపాధ్యాయుని నియమించాలి. ఈ పదిమంది ఉన్నారని తెలిసేది ఎలా? అందుకే బడులు తెరవకముందే భాషను కోరుకొనే పిల్లల పేర్లు నమోదు చేసుకొనే పుస్తకం పెట్టాలని ఏర్పాటు చేశారు. ఆ పుస్తకం చాల బడులలో ఉండదు. ఉన్నచోట ఖాళీగా ఉంటుంది. ఖాళీ పుస్తకాన్ని చూపి 'కోరినవారు లేరు' అంటారు. ఆ వాక్యం మీద ఒక తెలుగు తరగతి మూతపడుతుంది.

అలాగని రాష్ట్రభాషను నేర్చుకోవద్దని నేను అనడం లేదు. భాషా అల్పసంఖ్యాకుల బడులలో కూడ మరాఠీ నేర్పించమనే అధికారం మహారాష్ట్రకు ఉన్నదని 2004లో సుప్రీంకోర్టు అన్నది. తమిళనాడు 2006 నాటి చట్టంతో తమిళాన్ని తరగతి తరువాత తరగతిగా తప్పనిసరి చేసింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలు పదవ తరగతి తమిళ పరీక్ష నుంచి మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటికి మినహాయింపు పొడిగించింది. ఏడాదికొక మినహాయింపు భాషను బ్రతికించదు. ఆ రాష్ట్రంలో బ్రతికేవానికి ఆ రాష్ట్రభాష అన్నం పెడుతుంది. దానిని బాగా నేర్వాలి. దాని పక్కన మన భాషకు ఒక పీట వేయమని మాత్రమే మనం అడుగుతున్నాం. ఆ పీట అడగడానికి పుస్తకంలో పది పేర్లుండాలి.

అర్జీ ఏ భాషలో?

ఇక అర్జీ సంగతి. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, ఏ వ్యక్తి అయినా తన బాధను తొలగించమని కేంద్ర లేదా రాష్ట్ర అధికారికి యూనియన్‌లో గాని ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకోవచ్చు. కాబట్టి 'తెలుగులో వ్రాస్తే తీసుకోము' అని ఏ కచేరి కూడ అనరాదు. అయితే జవాబు తెలుగులోనే ఇస్తామని ఆ అధికరణం చెప్పడం లేదు. ఈ తేడా తెలియక నిరాశపడినవారిని చాలమందిని చూశాను. మీరు తెలుగులో ఇచ్చిన అర్జీకి నకలు ఉంచుకొని, దానిమీద ముద్ర, తేదీ వేయించుకోండి. తపాలాలో పంపితే రిజిస్టరు చేసి రసీదు దాచుకోండి. ఆ ముద్రే రేపు సాక్ష్యం.

సమాచారహక్కు చట్టం సంగతి వేరు. 2005 నాటి ఆ చట్టంలో దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలన్నారు. యానాంవారికి ఇబ్బంది లేదు. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టం యానాంలో తెలుగుకు చోటిచ్చింది. హోసూరువారు తమిళంలో, పావగడవారు కన్నడంలో వ్రాయించుకోవాలి. వ్రాయలేనివారు నోటితో చెబితే దానిని కాగితం మీద పెట్టడానికి అధికారే సాయం చేయాలి. 30 రోజులలో జవాబు రావాలి. మీ పిల్లలు చదివే ప్రభుత్వ బడిలో మాతృభాష తెలుగుగా నమోదైనవారెందరు, ముందస్తు నమోదు పుస్తకం ఉన్నదా, తెలుగు ఉపాధ్యాయ ఖాళీలెన్ని అని మూడు ప్రశ్నలు అడగండి.

పోలీసు స్టేషను, కోర్టు దగ్గర భాష అంటే స్వేచ్ఛతో సమానం. 1962లో హరికిషన్ కేసులో సుప్రీంకోర్టు ఒక నిర్బంధితుని విడుదల చేసింది. నిర్బంధ కారణాలను అతనికి ఇంగ్లీషులో ఇచ్చి, నోటితో వివరించి సరిపెట్టారు. అతడు హిందీ తెలిసినవాడు. అర్థమయ్యే భాషలో కాగితం ఇవ్వకపోతే కారణాలు తెలిపినట్లు కాదని కోర్టు అన్నది. సాక్ష్యం ముద్దాయికి తెలియని భాషలో జరిగితే అతనికి తెలిసిన భాషలో బహిరంగ కోర్టులోనే వివరించాలని నేర విచారణ చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త సంహితలోనూ ఈ రక్షణ ఉన్నది. 'నాకు అర్థం కావడం లేదు' అని చెప్పడానికి సిగ్గుపడకండి.

వీటన్నిటి పైన 350-బి అధికరణం కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు ఉంటారు. 1957 జూలైలో ఈ కార్యాలయం ఏర్పడింది. మొదట అలహాబాదులో ఉండేది, తరువాత ఢిల్లీకి మారింది. కమిషనరు నివేదికను రాష్ట్రపతికి ఇస్తారు. దానిని పార్లమెంటు ముందుంచుతారు, రాష్ట్రాలకు పంపుతారు. మీరు రాష్ట్ర అధికారికి ఇచ్చిన అర్జీ నకలు, ముద్రతో సహా, అక్కడికి పంపవచ్చు.

ఇక్కడ మీకు ఆశ పెట్టి పంపడం నాకిష్టం లేదు. కమిషనరు సిఫారసు చేయగలరు, ఆజ్ఞాపించలేరు. 1956, 1961 నాటి నియమాలు ప్రభుత్వాలు ఇచ్చిన మాటలు; చట్టసభ చేసిన శాసనాలు కావు. కోర్టుకు వెళ్ళి వాటినే పట్టుకొని గెలవడం కష్టం. అందువల్లనే మన చేతిలోని కాగితానికి ఇంత విలువ. ఇచ్చిన మాటను నిలబెట్టుకొమ్మని అడిగేవాడు, తాను ఉన్నానని ముందు రుజువు చేసుకోవాలి.

ఇంటికి వెళ్ళి చేయవలసిన పని

నేను అడిగేది చందా కాదు, ఊరేగింపు కూడ కాదు. ఇంటికి వెళ్ళిన తరువాత పెట్టెలో ఉన్న పిల్లల బడి పత్రాలు తీసి, మాతృభాష గడి చదవండి. తప్పుగా ఉంటే ప్రధానోపాధ్యాయునికి సవరణ అర్జీ ఇవ్వండి. వచ్చే ఏడు బడిలో చేర్చబోయే పిల్లలుంటే, గుమాస్తా అడగకపోయినా మీరే చెప్పి, ఆయన వ్రాసినది కళ్ళారా చూసిన తరువాతే సంతకం చేయండి. జనాభా లెక్కలవారు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న ముసలమ్మను ముందుకు పిలవండి. ఆమె ఏ భాషలో బిడ్డలను పెంచిందో ఆమెనే చెప్పనివ్వండి.

నా సంగతి అడుగుతారేమో. నా టీసీలో ఇప్పటికీ కన్నడమనే ఉన్నది. బడి వదిలిన ఇన్నేండ్లకు దానిని మార్పించడం సులభం కాదు, మార్పించినా నాకు ఒరిగేదేమీ లేదు. కాని మా అమ్మాయిని బడిలో చేర్చిన నాడు ఆ గడి దగ్గర గుమాస్తా కలం ఆగకముందే నేను చెప్పాను. ఆయన తలెత్తి చూసి, "ఏమండీ, మీరూ కన్నడమే కదా మాట్లాడుతున్నారు?" అన్నాడు. "మీతో కన్నడం, మా అమ్మతో తెలుగు" అన్నాను. ఆయన నవ్వి తెలుగు అని వ్రాశాడు. అడిగితే వ్రాసేవారే ఎక్కువ. ఇన్నాళ్ళూ అడగనిది మనమే.